ఒకే చేపకు నాలుగు పొడవులు

ఐలర్ట్ పందొమ్మిదేళ్లుగా సాల్మన్ చేపలను చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కదాన్ని కూడా పట్టలేదు. స్కాల్వా నదీ హక్కుదారుల సంఘం అతనికి అప్పగించిన పని పట్టడం కాదు, కొలవడం. ఆ పనికి అతన్నే ఎందుకు ఎంచారంటే, ఎవరిని పెట్టాలా అని మూడు గంటలు వాదించుకున్న సభలో నోరు మెదపనివాడు అతనొక్కడే. అతను పనిచేసిన కలప కోతమిల్లు మూతపడి అప్పటికి ఏడాదయింది. మిల్లు అతని ఎడమ బొటనవేలి కొస తీసుకుని, బదులుగా దేని పొడవైనా కంటితో చూసి చెప్పే విద్య ఇచ్చి పంపింది. సంఘానికి అది చాలా పెద్ద అర్హతగా కనిపించింది.

ప్రతి వేసవిలో సాల్మన్లు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుకుంటూ వస్తాయి. జలపాతం పక్కన వాటి కోసం కాంక్రీటు మెట్లు కట్టారు. మెట్ల పైన సన్నటి కాలువ. దానికి ఒక వైపు తెల్లటి పలక, ఇంకో వైపు అద్దం వెనక కెమెరా. పైకి పోయే ప్రతి చేపా ఆ ఇరుకులో, పలకను దాదాపు రాసుకుంటూ పోవాల్సిందే. ఎనభై సెంటీమీటర్లు దాటిన ఆడచేపలు సెప్టెంబర్ నడిమికల్లా రెండు వందల నలభై పైకి పోతే, వచ్చే ఏడాది గాలాలు వేసుకోవచ్చు. ఒక్కటి తగ్గినా జిల్లా మత్స్య కార్యాలయం నదిని మూసేస్తుంది.

మొదటి ఏడాది సంఘం అధ్యక్షుడు టోర్గైర్ ఒక చేపను వలలో ఆపి, టేపుతో కొలిచి, "సరిగ్గా ఎనభై!" అని అరిచి మళ్లీ నీళ్లలో వదిలాడు. అది కాలువ దాటుతుంటే ఐలర్ట్ తెర మీద దాని పక్కన జానెడు బర్చ్ చెట్టు కర్ర పెట్టి, తోక దగ్గర గాటు కొట్టాడు. ఆ కర్రను వార్షిక సభ ముందు పెట్టారు. పదహారు మంది చేతులెత్తారు, ఇద్దరు ఎత్తలేదు, ఒకరు కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లారు. కర్ర మీద సంఘం ముద్ర కాల్చి వేసి, సంగతంతా సభ మినిట్స్ పుస్తకంలో రాశారు. అప్పటి నుంచి తెర మీద గాటు దాటిన ఆడచేప పెద్దది, దాటనిది కాదు. పందొమ్మిదేళ్లు అలా సాగింది. నిరుడు గాటు దాటినవి రెండు వందల నలభై ఏడు.

ఐలర్ట్ భార్య మాగ్న్‌హిల్ద్‌కు నది ఒడ్డున ఆరు చెక్క గదులున్నాయి. జర్మనీ నుంచి, డెన్మార్క్ నుంచి గాలాలతో వచ్చేవాళ్లు వాటిలో దిగుతారు. నది మూస్తే ఆ గదుల్లో ఎలుకలు తప్ప ఎవరూ దిగరు. అంటే పందొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో భర్త కర్ర మీదే భార్య వేసవి ఆధారపడి ఉంది. కానీ వాళ్లిద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ ఊళ్లో ముఖ్యమైన విషయాలు మాట్లాడుకోవడం మర్యాద కాదు.

ఈ వసంతంలో పాత కంప్యూటర్ పొగ వదిలి చచ్చిపోయింది. దానితోపాటు వెనక పెద్ద పొట్ట ఉన్న ఆ పాత తెర కూడా చెత్తకుప్ప చేరింది. ఊరంతా చూసేలా చేపల వీడియోను, లెక్కను వెబ్‌సైట్లో పెట్టాలని టోర్గైర్ పట్టుబట్టాడు. అతను హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాడు. నలుగురూ చూడనిది జరిగినట్టే కాదని అతని నమ్మకం. ట్రాన్‌హైమ్ పట్నంలో వెబ్‌సైట్లు తయారుచేసే సిగ్రున్‌కు పని అప్పగించారు. సిగ్రున్ ఐలర్ట్ తమ్ముడి కూతురు, ముప్పై ఎనిమిదేళ్ల మనిషి.

జూన్ తొమ్మిదిన కొత్త వెడల్పాటి తెర మీదకు మొదటి సాల్మన్ వచ్చింది. ఐలర్ట్ వీడియో ఆపి కర్ర పెట్టాడు. చేప గాటు దాటింది. కర్ర కూడా దాటింది. కర్ర అయిపోయాక ఇంకా నాలుగు వేళ్ల చేప మిగిలింది. అతను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. కళ్లజోడు తుడిచినందుకు చేపేమీ తగ్గలేదు.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. జూన్ నెలాఖరుకు నూట ముప్పై ఒక్క పెద్ద ఆడచేపలు. అంత తొందరగా అన్ని ఎప్పుడూ రాలేదు. ఇంకా విచిత్రం, చిన్న చేపలు రావడమే మానేశాయి. ఊళ్లో పండగ వాతావరణం వచ్చింది, అంటే జనం దుకాణం దగ్గర ఒకరికొకరు తలలూపుకున్నారు. సముద్రంలో తిండి బాగున్నట్టుందని టోర్గైర్ స్థానిక పత్రికకు రాశాడు. మాగ్న్‌హిల్ద్ ఆరు గదులకూ ఎర్ర రంగు వేయించింది.

ఐలర్ట్‌కు మాత్రం చేపల మొహాలు తెలిసినట్టే ఉన్నాయి. మొప్ప మీద గీత ఉన్న ఆ ఆడచేప రెండేళ్ల కిందట కూడా వచ్చింది. అప్పుడది గాటును ముక్కుతో తాకి పోయింది. ఇప్పుడు కర్రనే దాటేసి పోతోంది. వయసుతో కాస్త పెరుగుతాయి కానీ ఇలా పెరగవు అనుకున్నాడు.

జూలైలో ఒక రోజు అతను చేపను ఆపి కొలుస్తుంటే మాగ్న్‌హిల్ద్ వెనక నుంచి చెయ్యి చాపి మౌస్ పట్టుకుంది.

"కాస్త జరుగు, వాన ఎప్పుడొస్తుందో చూడాలి. రంగు ఇంకా ఆరలేదు."

ఆమె వీడియో ఉన్న విండోను తెరలో సగానికి నెట్టి, పక్కన వాతావరణం పేజీ తెరిచింది. ఐలర్ట్ కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"ఏం చేశావ్?"

"చెప్పానుగా, వాన."

"చేప చిన్నదైపోయింది."

"వెళ్లిపోయిందా?"

"వెళ్లలేదు. ఉన్నచోటే చిన్నదైంది."

అతను ఆ విండో అంచు పట్టుకుని కుడి వైపు లాగాడు. చేప పెరిగింది. ఎడమ వైపు లాగాడు. తగ్గింది. బాల్యం నుంచి ముసలితనం దాకా, మళ్లీ వెనక్కి. పందొమ్మిదేళ్లు చేపలు పెరగాలని ఎదురుచూసిన మనిషి, వాటిని అరచేత్తో పెంచుతూ దించుతూ పావుగంట కూర్చున్నాడు. మాగ్న్‌హిల్ద్ వెనక నిలబడి చూసింది. ఆమెకు ముందే అర్థమైంది.

"అది పెద్దగా ఉన్నప్పుడు అలాగే ఉండనివ్వు ఐలర్ట్. నువ్వు దాన్ని ముట్టుకోకు."

"నేను ముట్టుకోలేదు. నువ్వే ముట్టుకున్నావ్."

"అయితే నేనూ ముట్టుకోలేదు," అని ఆమె వాన సంగతి చూడకుండానే వెళ్లిపోయింది.

అతను సిగ్రున్‌కు ఫోన్ చేశాడు.

"పెదనాన్నా, నువ్వు తెర మీద కర్ర పెట్టి కొలుస్తున్నావా?" అంది సిగ్రున్. "నిజంగా కర్రా?"

"ఆమోదించిన కర్రే."

"ఆమోదించారు సరే. ఇదిగో విను. వీడియోకి తన సొంత వెడల్పు, సొంత ఎత్తు ఉంటాయి. అవి దాని పుట్టు కొలతలు. పేజీలో దానికెంత చోటిస్తామన్నది వేరే సంగతి. చోటు పెరిగితే బొమ్మ సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. లోపల వీడియో మాత్రం అదే. వెబ్ పేజీల నియమాలు రాసేవాళ్లు రెండింటినీ కావాలనే వేరు చేశారు."

"ఎందుకలా?"

"ఒకే వీడియో ఫోన్లోనూ ఆడాలి, గోడ మీదా ఆడాలి కదా."

"ఆ సంగతి చేపలకి చెప్పారా?"

"చేపలతో వాళ్లకేం పని పెదనాన్నా? నీ పాత కంప్యూటర్లో రెండు కొలతలూ అనుకోకుండా ఒకటే అయ్యాయి. అంతే. ఇన్నాళ్లూ నువ్వు కొలిచింది చేపను కాదు, ఆ తెరని."

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. ఫోన్ పెట్టేశాక నిరుటి రికార్డులు, అంతకుముందువి అన్నీ తెరిచి చూడాలనిపించింది. ధైర్యం చాలలేదు. జూలై నెలాఖరుకు వెబ్‌సైట్లో లెక్క మూడొందలు దాటింది. దాని కింద సంతకం చేయాల్సింది అతనే. ఆ సంతకం మీద వచ్చే ఏడాది వందల గాలాలు నీళ్లలో పడతాయి. గుడ్లు పెట్టాల్సిన చేపలు ఉన్నవే తక్కువైతే, రెండు మూడు వేసవుల్లో కొలవడానికి చేపే మిగలదు. ఇదంతా ఆలోచించుకుని అతను జీవితంలో మొదటిసారి, ప్రత్యేక సభ పెట్టమని సంఘానికి కాగితం రాశాడు.

ఆగస్టులో యువజన భవనంలో సభ జరిగింది. ఇరవై ముగ్గురు వచ్చారు. అది ఆ ఊరికి జనసముద్రం. బల్ల మీద ఫ్లాస్కుల నిండా కాఫీ, రెండు రకాల కేకులు. సిగ్రున్ కూడా కారులో వచ్చింది. ఆమె నిలబడి అంతా మొదటి నుంచి చెప్పింది. వీడియోలో దాచిన చుక్కలు, అంటే పిక్సెళ్లు, అడ్డంగా వెయ్యిన్నర కంటే కాస్త తక్కువ. అయితే ఈ కెమెరా చుక్కలు చతురస్రాలు కావు, ఒక్కోటి పక్కకు సాగినది. అందుకని సొంత వెడల్పు చెప్పాలంటే ఆ సాగుదల కూడా కలిపి దాదాపు రెండు వేలు అనాలి. ఇక తెర మీద కనిపించేది మూడోది, ఎవరి తెరను బట్టి వాళ్లకి.

టోర్గైర్ చేతిలోని చిన్న చెక్క సుత్తిని పక్కన పెట్టాడు. "అంటే ఒకే చేపకు మూడు పొడవులంటావ్."

"నాలుగు," అంది సిగ్రున్. "నదిలో ఉన్న పొడవు కూడా ఒకటుంది."

"నదిలో ఉన్నది ఎజెండాలో లేదు."

ఎగువన గడ్డి పొలాలున్న యోస్టైన్ చెయ్యెత్తాడు. గాలాలవాళ్లు అతని కంచెలు తొక్కుకుంటూ పోతారు కాబట్టి, నది మూతపడితే అతనికి ప్రాణం లేచొస్తుంది. జేబులోంచి ఫోన్ తీసి, వీడియో పెట్టి, ఐలర్ట్ చేతిలోంచి కర్ర లాక్కుని దాని మీద ఆనించాడు.

"చూడండి. వేలెడు లేదు. ఇవి సాల్మన్లా, చిట్టి హెర్రింగు చేపలా? ఇవాళే మూసేయండి నదిని."

"నీ ఫోన్లో నువ్వూ వేలెడే ఉంటావ్ యోస్టైన్," అంది మాగ్న్‌హిల్ద్. "నీ ఫొటో నేను చూశా. అయినా ఇక్కడ కుర్చీకి సరిపడానే కూర్చున్నావ్."

"మీ ఇంటి తెర మీద లెక్కేస్తే నీ గదులు నిండుతాయనేగా నీ గొడవ!"

"నా గదులు నిండకపోతే నీ పాలు కొనేదెవరు మరి? నీ ఆవులా?"

టోర్గైర్ సుత్తితో బల్ల మీద కొట్టాడు. మాట్లాడేవాళ్ల జాబితాలో పేరు లేకుండా ఇద్దరూ మాట్లాడుతున్నారని గుర్తుచేశాడు. ఇద్దరూ పేర్లు రాయించుకుని, వరస వచ్చాక అవే మాటలు మళ్లీ అనుకున్నారు.

ఐలర్ట్ వంతు ఆఖరున వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు, బొటనవేలి మొండిని రుద్దుకున్నాడు.

"కర్రని నీళ్లలో పెడదాం," అన్నాడు. "పలక మీద బిగిద్దాం. చేప పక్కనే కర్ర కూడా కనిపిస్తుంది. తెర పెద్దదైతే రెండూ పెరుగుతాయి, చిన్నదైతే రెండూ తగ్గుతాయి. కర్ర ఇరవై సెంటీమీటర్లు. నాలుగు కర్రలు దాటితే చేప పెద్దది."

ఇంత సులువైన మాట ఆ సభలో ఎప్పుడూ ఎవరూ అనలేదు. టోర్గైర్ మినిట్స్ పుస్తకం తిరగేశాడు.

"ఐలర్ట్, కర్ర సంఘం ఆస్తి. పొడి కర్రగా ఆమోదించాం. తడపడమంటే దాని స్వభావం మార్చడమే. దానికి మూడింట రెండు వంతుల ఓట్లు, నాలుగు వారాల ముందు నోటీసు కావాలి. మార్చి సభలో పెట్టుకుందాం."

"మార్చిలో చేపలుండవు."

"అప్పుడు తొందరపడకుండా చర్చించొచ్చు."

అప్పటికి కేకులు అయిపోవచ్చాయి కాబట్టి మధ్యేమార్గం వెతికారు. ఆ ఊళ్లో ఎవరి ఇల్లూ పక్కింటి కంటే ఎత్తు ఉండకూడదన్నది రాయని కట్టుబాటు. తెర మాత్రం ఎందుకు ఉండాలి? ఐలర్ట్ తెర మాగ్న్‌హిల్ద్‌కు లాభం, యోస్టైన్ ఫోన్ యోస్టైన్‌కు లాభం. అందుకని ఎవరి సొంతమూ కాని, అందరిదీ అయిన తెరకే అధికారం ఇవ్వాలని తీర్మానించారు. ఇక నుంచి ప్రతి గురువారం యువజన భవనం గోడ మీద ప్రొజెక్టరుతో వీడియో వేసి, ఆమోదించిన కర్రతో కొలవాలి. పదిహేడు చేతులు లేచాయి.

ఆ గోడ నాలుగు మీటర్లు. దాని మీద సాల్మన్ రెండు మీటర్లకు పైనే ఉంటుంది. కర్ర దాని కన్ను దాటి మొప్పల దాకా కూడా రాదు. ఈ లెక్కన నదిలో పడ్డ ఆకు కూడా పెద్ద ఆడచేపే. ఇంటికి నడుస్తూ మాగ్న్‌హిల్ద్ అతని చేయి పట్టుకుంది.

"అందరూ ఒప్పుకున్నారుగా. ఇక నీ తప్పేముంది ఇందులో?"

"లేదు," అన్నాడు ఐలర్ట్. "అదే బాధగా ఉంది."

మర్నాడు పొద్దున్నే, ఆమె గదుల్లో దుప్పట్లు మారుస్తుండగా, అతను ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని జలపాతం దగ్గరికి వెళ్లాడు. కాలువ పై తలుపు వేస్తే నీళ్లు నడుము దాకా దిగాయి. అవి ఆగస్టులో కూడా ఎముకలు కొరికే నీళ్లు. పలక కింది అంచున రెండు ఇత్తడి మరలతో కర్రను బిగించాడు. సంఘం ముద్ర కెమెరా వైపు తిప్పాడు. పని చేస్తున్నంతసేపూ దొంగతనం చేస్తున్నట్టే ఉంది. తన పెళ్లిలో తప్ప ఎక్కడా గొంతెత్తి మాట్లాడని మనిషి, అనుమతి లేకుండా సంఘం ఆస్తిని తడిపేశాడు.

గురువారం భవనంలో ఇరవై మంది కూర్చున్నారు. సిగ్రున్ ప్రొజెక్టరు సరిచేసింది. గోడ మీద నీలంగా నీళ్లు కదిలాయి. ఎడమ నుంచి దాదాపు రెండు మీటర్ల సాల్మన్ ఒకటి ఈదుకుంటూ వచ్చింది. దాని పొట్ట కింద అర మీటరు దాటిన కర్ర, కర్ర మీద పళ్లెమంత సంఘం ముద్ర.

టోర్గైర్ లేచి నిలబడ్డాడు. "ఆ కర్ర పొడిగా ఉండాలి కదా!"

సిగ్రున్ అప్పటికే వీడియో ఆపింది. ఎవరో వెనక వరసలో తెలియకుండానే పైకి లెక్కపెట్టేశారు. "ఒకటి... రెండు... మూడు..."

"మూడున్నర," అంది ఇంకో గొంతు.

"మూడున్నరకి పైనే," అంది మాగ్న్‌హిల్ద్ గట్టిగా. "తోక చూడండి."

"తోకతో కలిపే," అన్నాడు యోస్టైన్. అతని మొహం వెలిగిపోతోంది. "నాలుగు లేదు. మూడున్నర."

"ప్రొజెక్టరు సరిగ్గా లేదు," అన్నాడు టోర్గైర్. "వెనక్కి జరపమ్మా."

సిగ్రున్ వెనక్కి జరిపింది. చేప గోడ దాటి పైకప్పు దాకా పెరిగింది. కర్ర కూడా పెరిగింది. జనం మళ్లీ లెక్కపెట్టారు. మూడున్నర. ముందుకు జరిపింది. చేప తలుపంత అయింది, కర్ర గరిటెంత అయింది. మూడున్నర. కోపంతో టోర్గైర్ తన ఫోన్ తీసి చూశాడు. కళ్లజోడు నుదుటికి ఎత్తి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు కానీ, అందరికీ తెలిసింది.

అతను మినిట్స్ పుస్తకం తెరిచి చాలాసేపు వెతికాడు. తీర్మానం స్పష్టంగా ఉంది. ఆమోదించిన తెర మీద, ఆమోదించిన కర్రతో కొలవాలి. తెర ఆమోదించిందే. కర్ర ఆమోదించిందే. కర్ర తెరకు ఏ వైపు ఉండాలన్నది రాయడం మర్చిపోయారు.

"తడి కర్ర సంగతి మార్చిలో చూద్దాం," అన్నాడు చివరికి. "అప్పటిదాకా లెక్క ఇలాగే సాగనివ్వండి. అది తడిసిన సంగతి మాత్రం ఇవాళ్టి మినిట్స్‌లో రాయండి."

తర్వాత మూడు వారాలు ఐలర్ట్ జూన్ నుంచి రికార్డులన్నీ మళ్లీ చూశాడు. పలక ఈ అంచు నుంచి ఆ అంచుకు ఏడున్నర కర్రలు. పలక ప్రతి వీడియోలోనూ ఉంది కాబట్టి కర్ర లేని రోజులకు కూడా కొలత దొరికింది. భయపడుతూనే నిరుటివి కూడా తెరిచాడు. రెండు వందల నలభై ఏడు అని రాసినచోట రెండు వందల నలభై ఆరు వచ్చింది. ఆ ఒక్క చేప ఏదో కనిపెట్టలేకపోయాడు. కానీ ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. తాను కొలిచింది తెరనే అయినా, తెర అబద్ధం చెప్పలేదు.

ఈ ఏటి లెక్క రెండు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది. సెప్టెంబర్ పదిహేనున అతను సంతకం చేసి పంపాడు. రెండు రోజులకు జిల్లా కార్యాలయం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"మీ వెబ్‌సైట్లో మూడొందలు దాటాయని ఉందే?"

"అవి వెబ్‌సైట్లో చేపలండీ."

"మరి ఇవి?"

"నదిలోవి."

ఆవిడ సరే, అలాగే రాసుకుంటున్నా అంది.

నది మూసేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చిన రోజు, అన్నం వేళకు మాగ్న్‌హిల్ద్ ఉడికించిన బంగాళాదుంపలు, కాడ్ చేప బల్ల మీద పెట్టి తను కిటికీ దగ్గర నిలబడే తింది. తిన్నాక బల్ల తుడిచి, కాగితాలు, కవర్లు, స్టాంపులు తెచ్చి అతని ముందు పెట్టింది. పాత అతిథులకు ఆమె ఎప్పుడూ చేత్తోనే రాస్తుంది. వచ్చే వేసవికి గదులు చెప్పుకున్నవాళ్లు ముప్పై ఒక్కరు.

"కూర్చో," అంది. "నువ్వే రాయి."

"ఏమని?"

"నీకు తెలియదా ఏమని? చేపలు సరిపడా లేవు, రావద్దు అని రాయి. ఎవరు లెక్కపెట్టారో కూడా రాయి."

అతను రాయడం మొదలుపెట్టాడు. హాంబర్గ్ నుంచి పదకొండేళ్లుగా వస్తున్న దంతవైద్యుడికి ఒకటి. ఓర్‌హూస్ నుంచి వచ్చే అన్నదమ్ములకు ఒకటి. ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని, అల్లిక పని పట్టుకుని, ఒక్క కుట్టూ వేయకుండా చూసింది. నాలుగో ఉత్తరం దగ్గర ఆమె మెడ చాచింది.

"చేపలు చిన్నవైపోయాయని రాస్తున్నావేంటి? అవేం చిన్నవి కాలేదు. తక్కువ వచ్చాయి. అబద్ధం రాయకు."

అతను కొట్టేసి మళ్లీ రాశాడు. తొమ్మిదోదానికి బొటనవేలి కొస లేని చెయ్యి కాగితాన్ని సరిగ్గా ఆపలేక అక్షరాలు వాలిపోయాయి. పదకొండోది అతనికే చదవడానికి రాలేదు. ఆమె దాన్ని లాక్కుని, వెలుతురులో పట్టుకుని, పళ్ల మధ్య నుంచి గాలి వదిలింది.

"ఇది చూస్తే వాళ్లు నువ్వు చచ్చిపోయావనుకుంటారు. ఇటివ్వు."

పెన్ను ఆమె చేతిలోకి వెళ్లింది. ఐలర్ట్ కవర్ల మీద స్టాంపులు అంటించాడు. పదకొండో ఉత్తరం నుంచి దస్తూరీ ఆమెది.